లైకెన్ టు: ఇంగ్లీషులో పోలిక చెప్పే క్రియను తప్పు లేకుండా వాడే పద్ధతి

గ్రూప్-1 వ్యాసాలు సాధన చేసేవాళ్లు, ఐఈఎల్‌టీఎస్‌కు చదివేవాళ్లు, డిగ్రీలో ఇంగ్లీషు సాహిత్యం తీసుకున్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. "లైకెన్" అనే క్రియ చదివితే అర్థమవుతుంది. రాయబోతే మాత్రం పక్కన "విత్" రావాలా, "టు" రావాలా, "యాజ్" రావాలా అని పెన్ను ఆగిపోతుంది.

జవాబు చిన్నదే: ఎప్పుడూ "టు". దాన్ని బట్టీ పట్టినా పరీక్ష హాల్లో "విత్" పడుతూనే ఉంటుంది, ఎందుకంటే తెలుగులో మనం దేన్నైనా ఇంకోదాని"తో" పోలుస్తాం. ఆ "తో"ను చెయ్యి తనంతట తానే "విత్" చేసేస్తుంది. అందుకే ఈ పద్ధతిని తెలుగు వాక్యం దగ్గరే మొదలుపెడదాం.

ఇంగ్లీషు వాక్యాలను ఇక్కడ పలికే తీరులో తెలుగు లిపిలోనే ఇచ్చాం. ప్రతి వాక్యాన్నీ నోటుబుక్కులో ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటూ చదవండి. స్పెల్లింగ్ కూడా అప్పుడే చేతికి వస్తుంది.

1. దగ్గర పెట్టుకోవలసినవి

- రూళ్ల నోటుబుక్కు, రెండు రంగుల పెన్నులు.
- ఒక లెర్నర్స్ డిక్షనరీ. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులో చూస్తే "పోల్చు" అన్న అర్థం దొరుకుతుంది గానీ వాక్యం ఎలా కట్టాలో తెలియదు. లెర్నర్స్ డిక్షనరీ వాక్యం అచ్చునే చూపిస్తుంది. విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో దొరికే పాత ఎడిషనైనా సరిపోతుంది, ఈ క్రియ వాడుక మారలేదు.
- పదో తరగతి తెలుగు వాచకంలోని ఉపమాలంకారం పాఠం. ఇది సరదాకి చెప్పింది కాదు. మూడో మెట్టులో దానితోనే పని.

2. మీ "పోల్చడం" ఏ రకమో తేల్చుకోండి

తెలుగులో "పోలిక" అన్న ఒక్క మాట చుట్టూ నాలుగు వేర్వేరు పనులున్నాయి. ఇంగ్లీషులో నాలుగింటికీ నాలుగు క్రియలు. ఇక్కడ తప్పితే తర్వాత వ్యాకరణం ఎంత బాగున్నా లాభం లేదు.

రెండింటినీ పక్కపక్కన పెట్టి తేడాలూ సామ్యాలూ చూడటం మొదటిది. 1855లో పూర్తయిన పాత కృష్ణా ఆనకట్టను 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీతో పోల్చి రాయమంటే ఇదే పని. దీనికి "కంపేర్ విత్".

ఒకటి ఇంకోదానిలా ఉందని చెప్పడం రెండోది. మే నెల బెజవాడను కొలిమితో పోల్చడం అలాంటిదే. ఇక్కడ తేడాల ఊసే ఉండదు, సామ్యం ఒక్కటే చెబుతాం. "లైకెన్ టు" పనికొచ్చేది ఈ ఒక్క చోటే.

మూడోది పోల్చుకోవడం, అంటే గుర్తుపట్టడం. "నన్ను పోల్చుకున్నావా?" అన్నదాన్ని "డు యు రికగ్నైజ్ మి?" అనాలి. "లైకెన్" గానీ "కంపేర్" గానీ ఇక్కడికి రావు.

నాలుగోది పోలికలు రావడం. "వాడికి మేనమామ పోలికలు వచ్చాయి" అంటే "హి టేక్స్ ఆఫ్టర్ హిజ్ అంకుల్". రూపం వరకే అయితే "హి రిజెంబుల్స్ హిజ్ అంకుల్".

తెలుగు వాక్యం రాయగానే మార్జిన్‌లో ఒకటి నుంచి నాలుగు వరకు ఒక అంకె వేయండి. రెండు పడితేనే ముందుకు వెళ్లండి.

3. తెలుగు వాక్యంలోనే ముక్కలు విడగొట్టండి

ఉపమాలంకారానికి నాలుగు అంగాలు: ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. "ఆమె ముఖం చంద్రబింబం వలె మనోహరంగా ఉంది" అన్న వాక్యంలో ముఖం ఉపమేయం, చంద్రబింబం ఉపమానం, మనోహరంగా ఉండటం సమానధర్మం, "వలె" ఉపమావాచకం. స్కూల్లో మార్కుల కోసం నేర్చుకున్న ఈ విభజన "లైకెన్" వాక్యానికి అతికినట్టు సరిపోతుంది.

వరుస ఇలా:

పోల్చేవాళ్లు + లైకెన్ + ఉపమేయం + టు + ఉపమానం

ఏది ఉపమేయమో తేల్చడానికి విభక్తి చూస్తే చాలు. "ను, ని" ఉన్న మాట ఉపమేయం, అది క్రియ పక్కకు వస్తుంది. "తో" ఉన్న మాట ఉపమానం, అది "టు" తర్వాత వస్తుంది. మొదటిదాని కింద ఒక రంగు గీత, రెండోదాని కింద ఇంకో రంగు గీత గీయండి.

"జనం విజయవాడను కొలిమితో పోలుస్తారు" అన్నా, "కొలిమితో విజయవాడను పోలుస్తారు జనం" అన్నా తెలుగులో అర్థం చెడదు, విభక్తులు కాపలా కాస్తాయి. ఇంగ్లీషులో ఆ కాపలా లేదు. ఉన్న చోటును బట్టే అర్థం.

సరైనది: "పీపుల్ లైకెన్ విజయవాడ టు ఎ ఫర్నేస్."
తలకిందులైనది: "పీపుల్ లైకెన్ ఎ ఫర్నేస్ టు విజయవాడ." వ్యాకరణ దోషం కనిపించదు గానీ, కొలిమి గురించి చెబుతూ దానికి విజయవాడను ఉపమానం చేసినట్టవుతుంది.

4. స్పెల్లింగ్, పలికే తీరు, రూపాలు

- స్పెల్లింగ్: ఎల్-ఐ-కె-ఇ-ఎన్.
- ఒత్తు మొదటి భాగం మీద. "లై" గట్టిగా, "కెన్" తేలిగ్గా, ఇంచుమించు "కన్" అన్నట్టు.
- ప్రథమ పురుష ఏకవచనంలో "లైకెన్స్", భూతకాలంలో "లైకెన్డ్", ఇంగ్ రూపంలో "లైకెనింగ్".
- ఒత్తు చివర లేదు కాబట్టి "ఎన్" రెట్టింపు కాదు. భూతకాలం ఎల్-ఐ-కె-ఇ-ఎన్-ఇ-డి, ఒక్క ఎన్నే.

బయాలజీ చదివినవాళ్లకు ఒక హెచ్చరిక. శైవలం, శిలీంధ్రం కలిసి బతికే లైకెన్లు వేరు. ఆ మాట స్పెల్లింగ్‌లో నడుమ "సి-హెచ్" ఉంటుంది. చాలామంది రెండింటినీ ఒకేలా పలుకుతారు, స్పెల్‌చెక్ కూడా పట్టుకోదు, ఎందుకంటే రెండూ సరైన మాటలే.

"లైక్డ్", "లైకెన్డ్" కలిసిపోవడం మరో చిక్కు. సినిమా నచ్చితే "ఐ లైక్డ్ ద ఫిల్మ్". "ఐ లైకెన్డ్ ద ఫిల్మ్" అని ఆపేస్తే, దేనితో పోల్చారో చెప్పకుండా వదిలేసిన సగం వాక్యం అది.

కాలం విషయంలో ఒక అలవాటు చేసుకోండి. పద్యం, కథ, నవల గురించి రాసేటప్పుడు వర్తమానం: "ద పోయెట్ లైకెన్స్ ద రివర్ టు ఎ మదర్." ఎవరో సభలో అన్నమాటను వార్తగా రాసేటప్పుడు భూతం: "ద స్పీకర్ లైకెన్డ్ ద రివర్ టు ఎ మదర్."

5. కర్మణి వాక్యం: నిజానికి ఎక్కువగా కనిపించేది ఇదే

పోల్చినవాళ్లు ఎవరో ముఖ్యం కానప్పుడు, లేదా "అందరూ అంటారు" అన్నంత సాధారణమైన పోలిక అయినప్పుడు ఉపమేయాన్ని ముందుకు తెచ్చుకోండి.

ఉపమేయం + ఈజ్, వాజ్, హ్యాజ్ బీన్, కెన్ బి లలో ఒకటి + లైకెన్డ్ టు + ఉపమానం

"తెనాలి హ్యాజ్ ఆఫెన్ బీన్ లైకెన్డ్ టు ప్యారిస్."
"ద టాల్ ప్రభలు ఎట్ కోటప్పకొండ కెన్ బి లైకెన్డ్ టు మూవింగ్ టెంపుల్ టవర్స్."

మొదటి వాక్యం ఇప్పటికే చలామణిలో ఉన్న పోలికను చెబుతోంది, తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అనడం మనకు తెలిసిందే. రెండోది రాసేవాళ్లు సొంతంగా ముందుకు తెస్తున్న పోలిక. సొంత పోలికకు "కెన్ బి" పెట్టాలి. "హ్యాజ్ ఆఫెన్ బీన్" అని రాస్తే లేని సంప్రదాయాన్ని ఉన్నట్టు చెప్పడమే. ఎవరు, ఎక్కడ అన్నారని వ్యాసం దిద్దేవాళ్లు అడిగితే జవాబు ఉండదు.

"ఆఫెన్", "సమ్‌టైమ్స్", "రైట్లీ" లాంటి మాటలు "లైకెన్డ్"కు ముందే రావాలి: "ఈజ్ సమ్‌టైమ్స్ లైకెన్డ్ టు".

6. ఉపమానం పని అయితే ఇంగ్ రూపం

"టు" చూడగానే వెనుక మామూలు క్రియ పెట్టడం మన అలవాటు: టు గో, టు ఈట్. "లైకెన్ టు"లోని "టు" ఆ జాతిది కాదు. దీని వెనుక నామవాచకమో, ఇంగ్ రూపమో రావాలి.

తప్పు: "షి లైకెన్డ్ డ్రైవింగ్ త్రూ బెంజ్ సర్కిల్ టు సాల్వ్ ఎ పజిల్."
సరి: "షి లైకెన్డ్ డ్రైవింగ్ త్రూ బెంజ్ సర్కిల్ టు సాల్వింగ్ ఎ పజిల్."

రెండు వైపులా ఒకే అచ్చు ఉందో లేదో కూడా చూసుకోండి. డ్రైవింగ్ ఒక వైపు ఉంటే సాల్వింగ్ రెండో వైపు. వస్తువును వస్తువుతో, పనిని పనితో పోలిస్తే వాక్యం నిలబడుతుంది.

7. సమానధర్మం చెప్పాలా, వదిలేయాలా

వ్యాసాల్లో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. "లైకెన్" వాక్యం ఉపమేయాన్నీ ఉపమానాన్నీ కలిపి ఊరుకుంటుంది. ఏ గుణంలో పోలికో తనంతట తాను చెప్పదు.

విజయవాడను కొలిమితో పోలిస్తే ఎందుకని ఎవరూ అడగరు. అక్కడ వివరణ పెడితే చాదస్తం. అదే గుంటూరు మిర్చి యార్డును స్టాక్ ఎక్స్‌చేంజ్‌తో పోలిస్తే చదివేవాళ్లు వెంటనే "ఎందులో?" అంటారు. జవాబు అదే వాక్యంలోనో, వెంటనే తర్వాతి వాక్యంలోనో ఉండాలి.

"ఇన్ దట్" వాడితే: "ద మిర్చి యార్డ్ కెన్ బి లైకెన్డ్ టు ఎ స్టాక్ ఎక్స్‌చేంజ్ ఇన్ దట్ బయ్యర్స్ అండ్ సెల్లర్స్ వాచ్ ఎవ్రీ చేంజ్ ఇన్ ప్రైస్." "బికాజ్" పెట్టినా తప్పు కాదు, కొంచెం మామూలుగా వినిపిస్తుంది.

వాక్యం పొడవవుతుందనిపిస్తే "స్టాక్ ఎక్స్‌చేంజ్" దగ్గర చుక్క పెట్టి, తర్వాతి వాక్యాన్ని "ఇన్ బోత్" అని మొదలుపెట్టండి. ఇంగ్లీషు మీద పూర్తి పట్టు లేనివాళ్లకు ఇదే క్షేమం.

"ఎందులో?" అన్న ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు రాకపోతే పోలికే బలహీనం. దాన్ని కొట్టేయండి, వ్యాసానికి నష్టం లేదు.

8. ఉపమానం ఇంగ్లీషులో ఏ వాసన వేస్తుందో చూడండి

వ్యాకరణం పుస్తకాల్లో ఈ సంగతి కనిపించదు. తెలుగులో పొగడ్త అయిన ఉపమానం ఇంగ్లీషులో తిట్టు కావచ్చు.

గజగమన అంటే మనకు ఠీవి. ఒకావిడ నడకను ఏనుగు నడకతో "లైకెన్" చేస్తూ ఇంగ్లీషులో రాస్తే, ఆవిడ బరువు మీద హేళన అనుకుంటారు. మీనాక్షి అన్న పేరు ఎంత అందమైనదైనా, కళ్లను చేప కళ్లతో పోలిస్తే ఇంగ్లీషు చదువరికి జీవం లేని చూపు స్ఫురిస్తుంది. గుడ్లగూబ సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. మనకది అపశకునం, మొద్దు మొహానికి తిట్టు. ఇంగ్లీషులో అది తెలివికి గుర్తు.

కాబట్టి జంతువులు, పక్షులు ఉపమానాలుగా వచ్చిన ప్రతిసారీ డిక్షనరీలో ఆ జంతువు పేరు కింద ఉన్న ఉదాహరణలు చదవండి. రెండు నిమిషాల పని. సాహిత్య వ్యాసంలో తెలుగు కవి ఉపమానాన్నే చెప్పాల్సి వస్తే, పక్కనే సమానధర్మాన్ని తప్పకుండా రాయండి: ఏనుగు నడకలోని ఠీవి అని తెలిస్తే అపార్థం ఉండదు.

మనుషులను మనుషులతో, ముఖ్యంగా చరిత్రలోని క్రూరులతో పోల్చేటప్పుడు ఇంకా జాగ్రత్త. "లైకెన్" గంభీరమైన క్రియ. నోటితో విసిరిన మాటలా కాకుండా, ఆలోచించి చేసిన ఆరోపణలా చదువుతారు.

9. పక్కింటి క్రియలు

కంపేర్ టు: "లైకెన్"కు దగ్గర బంధువు. వేరే జాతి వస్తువులో సామ్యం చూపించడానికి "కంపేర్ టు", పరిశీలించి బేరీజు వేయడానికి "కంపేర్ విత్" అన్నది పాత నియమం. "కంపేర్డ్" రూపంలో మొదలయ్యే పదబంధాల్లో ఇప్పుడు రెండూ చెల్లుతున్నాయి. అనుమానం ఉంటే పాత నియమమే పాటించండి, ఎవరూ తప్పు పట్టరు.

ఈక్వేట్ విత్: రెండూ సమానమే, ఒకటే అన్నట్టు చూడటం. మార్కులే తెలివి అనుకునేవాళ్ల గురించి రాస్తే "దే ఈక్వేట్ మార్క్స్ విత్ ఇంటెలిజెన్స్". ఇక్కడ "లైకెన్" నప్పదు.

రిజెంబుల్: దీనికి ప్రిపోజిషన్ ఉండదు. "రిజెంబుల్స్ టు" మన ప్రాంతంలో బాగా వినిపించే తప్పు.

ఎకిన్ టు, ఎనాలగస్ టు: ఇవి విశేషణాలు, ముందు "ఈజ్" కావాలి. రెండోది సైన్సు రాతలకు బాగుంటుంది.

10. తరచూ పడే తప్పులు, దిద్దుబాటు

"లైకెన్డ్ విత్ ఎ లయన్": "తో" ప్రభావం. "విత్" కొట్టేసి "టు" పెట్టండి.

"లైకెన్డ్ యాజ్ ఎ లయన్", "లైకెన్డ్ లైక్ ఎ లయన్": "సింహంలా" అన్న ఆలోచన నుంచి వస్తాయి. రెండింటికీ "టు"యే మందు.

"లైకెన్ ద టూ సిటీస్": రెంటినీ కలిపి కర్మగా పెట్టడం "కంపేర్"కు చెల్లుతుంది, దీనికి చెల్లదు. "లైకెన్ వన్ సిటీ టు ది అదర్" అనాలి.

"లైకెన్డ్ దట్": దీని వెనుక "దట్" వాక్యం రాదు. "హి సెడ్ దట్" అని క్రియే మార్చండి.

"లైకెనింగ్ ద క్యూ టు ఎ రివర్, ద టెంపుల్ వాజ్ ఫుల్": పోల్చింది గుడి కాదు. కామా తర్వాత పోల్చిన మనిషి రావాలి: "లైకెనింగ్ ద క్యూ టు ఎ రివర్, ద రిపోర్టర్ డిస్క్రైబ్డ్ ద టెంపుల్ యాజ్ ఫుల్."

రెండు "టు"లు ఢీకొనడం: "హి లైకెన్డ్ ద జర్నీ ఫ్రమ్ గుంటూరు టు విజయవాడ టు ఎ పిల్‌గ్రిమేజ్." వ్యాకరణం సరే, చదివే కన్ను మొదటి "టు" దగ్గరే తడబడుతుంది. "ద గుంటూరు-విజయవాడ జర్నీ" అని కుదించండి.

ఉపమేయం పది పదాలకు మించితే "టు" దూరమైపోతుంది. అప్పుడు కర్మణి వాక్యం చేయండి, లేదా వివరాన్ని ముందు వాక్యంలో చెప్పేసి ఇక్కడ "దిస్ క్రౌడ్" లాంటి చిన్న మాటతో సరిపెట్టండి.

11. అసలు వాడకూడని చోట్లు

- ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రైటింగ్ మొదటి టాస్కులో గ్రాఫులు, పట్టికలు వివరిస్తాం. అక్కడ అంకెల బేరీజు తప్ప ఉపమానాలకు చోటు లేదు. "కంపేర్డ్ విత్" వాడండి. రెండో టాస్కులో ఒకసారి వాడితే బాగుంటుంది, రెండోసారికి మొహం మొత్తుతుంది.
- స్నేహితులతో మాటల్లో, వాట్సాప్‌లో. "ఇట్స్ లైక్ ఎ ఫర్నేస్ హియర్" అంటే సరిపోయేదానికి "లైకెన్" తెస్తే ఉపన్యాసంలా ఉంటుంది.
- పేరు పెట్టి పిలవడం పోల్చడం కాదు. "తెనాలి ఈజ్ కాల్డ్ ది ఆంధ్రా ప్యారిస్" అన్నప్పుడు "కాల్డ్" చాలు.
- ఆకారమే అలా చేసినప్పుడు. దసరా తెప్పోత్సవంలో కృష్ణలో తిరిగే వాహనాన్ని హంస రూపంలోనే అలంకరిస్తారు. ఎవరో పోల్చడం కాదది, కాబట్టి "షేప్డ్ లైక్ ఎ స్వాన్" అనండి.

12. రాశాక సరిచూసుకునే పట్టీ

- మార్జిన్‌లో అంకె రెండేనా?
- "ను, ని" మాట ముందు, "తో" మాట "టు" తర్వాత ఉన్నాయా?
- "విత్", "యాజ్", "లైక్", "దట్" ఏవీ చొరబడలేదు కదా?
- "టు" వెనుక నామవాచకమో, ఇంగ్ రూపమో ఉందా?
- "ఎందులో?" అని అడిగితే జవాబు పేజీలో ఉందా?
- ఉపమానం ఇంగ్లీషులో తిట్టు కాదు కదా?
- ఒకే వ్యాసంలో రెండోసారి రాలేదు కదా?

13. సాధన

జవాబులు కాగితంతో మూసి, ముందు మీరు రాయండి. అన్నీ "లైకెన్" వాక్యాలు కావు, అది కావాలనే చేశాం.

అ. ఆ విమర్శకుడు నవలను అద్దంతో పోల్చాడు.
ఆ. ఈ ఏడాది మిర్చి ధరను పోయినేడాది ధరతో పోల్చి చూడండి.
ఇ. గడ్డం పెంచేసరికి వాణ్ని పోల్చుకోలేకపోయాను.
ఈ. పాపకు నాయనమ్మ పోలికలు వచ్చాయి.
ఉ. భాష నేర్చుకోవడాన్ని ఈత నేర్చుకోవడంతో పోలుస్తుంటారు.
ఊ. ఈ రెండు ఊళ్లనూ పోల్చడం అన్యాయం.

జవాబులు:

అ. "ద క్రిటిక్ లైకెన్డ్ ద నావెల్ టు ఎ మిర్రర్."
ఆ. "కంపేర్ దిస్ ఇయర్స్ చిల్లీ ప్రైస్ విత్ లాస్ట్ ఇయర్స్." ధరను ధరతోనే పోల్చాలి. చివర "లాస్ట్ ఇయర్" అని వదిలేస్తే ధరను సంవత్సరంతో పోల్చినట్టవుతుంది.
ఇ. "ఐ కుడ్ నాట్ రికగ్నైజ్ హిమ్ విత్ హిజ్ బియర్డ్."
ఈ. "ద గర్ల్ టేక్స్ ఆఫ్టర్ హర్ గ్రాండ్‌మదర్."
ఉ. "లెర్నింగ్ ఎ లాంగ్వేజ్ ఈజ్ ఆఫెన్ లైకెన్డ్ టు లెర్నింగ్ టు స్విమ్." ఇక్కడ రెండు "టు"లు ఉన్నాయి గానీ జాతులు వేరు: మొదటిదాని వెనుక ఇంగ్ రూపం, రెండోదాని వెనుక మామూలు క్రియ.
ఊ. "ఇట్ ఈజ్ అన్‌ఫెయిర్ టు కంపేర్ ద టూ టౌన్స్." రెండు ఊళ్లూ కలిసి కర్మగా వచ్చాయి, పైగా ఏది మెరుగన్న బేరీజు ఉంది, కాబట్టి "లైకెన్" కుదరదు. "చిన్న ఊరిని మహానగరంతో పోల్చడం అన్యాయం" అని, రెండూ ఒకలాంటివేనని ఎవరో అన్నదాన్ని ఖండిస్తుంటే మాత్రం "ఇట్ ఈజ్ అన్‌ఫెయిర్ టు లైకెన్ ఎ స్మాల్ టౌన్ టు ఎ మెట్రోపాలిస్" అని రాయవచ్చు.